సేవకు ముందు దేశమును ఎరుగుట: ఫిజీ దీవులు

పఠింపవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 13:17-20, నెహెమ్యా 2:11-16, యెహెజ్కేలు 3:12-15, అపొస్తలుల కార్యములు 28:1-10.



ఈ మాసపు పాఠము మిషనెరీ సేవకు సిద్ధపడుచున్న యౌవనస్థుల నిమిత్తము వ్రాయబడినది. వెళ్లువారు కొద్దిమందియే యుందురు; పంపువారును, వారి కొరకు ప్రార్థించువారును అనేకులు. ఎరుగని దేశము కొరకు ప్రార్థించుట విలాసము లేని ఉత్తరము వ్రాయుట వంటిది గనుక ఈ పాఠము ఇంటియొద్ద నుండువారికి కూడ చెందినదే.

మోషే కనానునకు మనుష్యులను పంపినప్పుడు వారికిచ్చిన ప్రశ్నలను గమనించుడి. దేశము ఎట్టిది? జనులు బలవంతులా, బలహీనులా? కొద్దిమందియా, విస్తారమా? వారు నివసించునవి గుడారములా, కోటలా? నేల సారముగలదా, నిస్సారమా? చెట్లు కలవా? ఇన్ని అడిగి, ఆ దేశపు పండ్లు కూడ కొన్ని తెమ్మని చెప్పెను. దేవుడు ఆ దేశమును గూర్చి వాగ్దానము చేసియుండగా ఈ విచారణ ఎందుకని మోషే అనుకొనలేదు. నెహెమ్యా కూడ యెరూషలేమునకు వచ్చి మూడు దినములు ఊరకయుండి, రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, పడిపోయిన ప్రాకారమును కన్నులార చూచిన తరువాతనే నోరు తెరచెను.

అయితే ఒక జాగ్రత్త. మోషే పంపినవారు వేగులవారు, స్వాధీనపరచుకొనుటకు చూచివచ్చినవారు. మనము అట్లు వెళ్లము. మోషే అడిగిన ప్రశ్నలు మనకు పనికివచ్చును గాని వేగులవాని చూపు పనికిరాదు. మనము వెళ్లునది అతిథులముగానే.

ఈ పాఠమునకు మాదిరిగా ఫిజీ దీవులను తీసికొంటిని. దానికి రెండు హేతువులు. అది సువార్త లోతుగా వేరూనిన ద్వీపదేశము. అచ్చటికి వెళ్లువాడు సువార్తను మొదట తానే తీసికొనిపోవుచున్నానని తలంచినచో నవ్వులపాలగును. రెండవది, మన కృష్ణా గోదావరి తీరముల నుండియు విశాఖ ప్రాంతము నుండియు ఓడలెక్కి వెళ్లిన మనవారి మనుమలు, మునిమనుమలు అచ్చట నున్నారు.

దేశము ఎట్టిది?

పటము తెరచి ఆస్ట్రేలియాకు తూర్పున, న్యూజిలాండుకు ఉత్తరమున చూడుడి. పసిఫిక్ మహాసముద్రములో 330కి పైగా దీవులు చల్లినట్లుండును. వాటిలో జనులు నివసించునవి సుమారు 110 మాత్రమే. పెద్దవి రెండు. వీతి లేవు 10,388 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా కంటె కొంచెము చిన్నది. వనువా లేవు 5,587 చదరపు కిలోమీటర్లు. పాత శ్రీకాకుళము జిల్లాయంత. 2017 జనాభా లెక్కల ప్రకారము దేశమంతటిలో 8,84,887 మంది. రాజధాని సువా, వీతి లేవుకు ఆగ్నేయ తీరమున నున్నది. 1882 వరకు రాజధాని ఒవలావు దీవిలోని లెవుకా పట్టణము.

భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే కాలములు మనకు తారుమారగును. నవంబరు మొదలుకొని ఏప్రిల్ వరకు వేడియు, వానయు, తుపానులును. అనగా క్రిస్మస్ పండుగ తుపానుల కాలములో వచ్చును. తుపానన్న మన కోస్తావారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2016 ఫిబ్రవరి 20న వచ్చిన విన్‌స్టన్ తుపాను 44 మంది ప్రాణములను తీసి, గ్రామములకు గ్రామములనే నేలమట్టము చేసెను. సువా ఉన్న తూర్పు వైపున వానలు మెండు. పర్వతముల కావల నాండీ, లౌతోకా, బా పట్టణములున్న పడమటి వైపున నేల పొడిగానుండి చెరకునకు అనువైనది. చెరకు పడమట నుండుటచే మనవారు కూడ ఎక్కువగా పడమటనే స్థిరపడిరి.

ఉష్ణదేశపు దీవియనగానే మలేరియా జ్వరమును తలంచి భయపడువారు కలరు. ఫిజీలో మలేరియా లేదు. దానిని మోయు అనోఫిలిస్ దోమ అచ్చట లేదు. డెంగ్యూయు, టైఫాయిడును, వరద నీటివలన వచ్చు లెప్టోస్పైరోసిస్ జ్వరమును కలవు గనుక దోమతెరను ఇంటనే విడిచి వెళ్లవద్దు. గడియారము మనకంటె ఆరున్నర గంటలు ముందు. ఆదివారము ఉదయము మనము ఆలయమునకు బయలుదేరు వేళకు అచ్చటి విశ్వాసులు మధ్యాహ్న భోజనము ముగించి యుందురు.

పేరులు పలుకుట

ఇది చిన్న సంగతి వలె కనబడును గాని, పేరు తప్పుగా పలికినవానిని ఏ ఊరివారును లోపలికి రానిచ్చినట్లు రానియ్యరు. 1835 అక్టోబరు 12న లకెంబా దీవిలో దిగిన వెస్లియన్ మిషనెరీలు విలియం క్రాస్, డేవిడ్ కార్గిల్ అనువారు ఫిజీ భాషకు ఇంగ్లీషు లిపిలో వ్రాత కల్పించిరి. ఆ భాషలో డ, బ, గ అను ధ్వనుల ముందు ముక్కుధ్వని తప్పక పలుకును గనుక దానిని వేరుగ వ్రాయనక్కరలేదని తలంచి ఒక్కొక్క అక్షరముతో సరిపెట్టిరి. ఆ హేతువుచేత పటములో 'నాడి' అని కనబడునది నాండీ. 'లకెబా' యని కనబడునది లకెంబా. ఇంగ్లీషు 'సి' అక్షరమును నాలుకకొన పండ్లకు ఆనించి 'ద'కారమునకు దగ్గరగా పలుకవలెను. వ్రాతలో 'కకోబౌ' వలె తోచు గొప్ప నాయకుని పేరు దాకొంబౌ. పూర్ణబిందువు గల లిపి మనది గనుక ఈ పేరులను ఇంగ్లీషువారికంటె మనము తిన్నగా వ్రాసికొనగలము. మొదటి దినము నుండి నోటు పుస్తకములో తెలుగు అక్షరములతో వ్రాసికొనుడి.

'బులా' అనగా జీవము, ఆరోగ్యము; ఎదురైన ప్రతివారిని ఈ మాటతో పలుకరింతురు. 'వినాకా' అనగా వందనములు. గుడికి పిలుచు పెద్ద కొయ్యదిమ్మె వాద్యమును 'లాలి' అందురు. మనకు లాలి బిడ్డను నిద్రబుచ్చునది. వారికి లాలి ఊరిని నిద్రలేపి ఆరాధనకు పిలుచునది. పూర్వము యుద్ధవార్తలకును మరణవార్తలకును మ్రోగినది ఈ లాలియే.

మన కంటె ముందు వెళ్లినవారు

ఫిజీకి సువార్తను మొదట తెచ్చినవారు తెల్లవారు కారు. లండన్ మిషనెరీ సంఘము పంపగా తాహితి దీవి ఉపదేశకులు 1830లోనే వచ్చి ఒనేయాతా అను చిన్న దీవిలో నిలిచిరి. తరువాత టోంగా దీవివారు వచ్చిరి. వారిలో జోయెలి బులు అను దైవజనుడు తన జీవితకాలమంతయు ఫిజీలో ధారపోసెను. జాన్ హంట్ అను ఇంగ్లీషు మిషనెరీ క్రొత్త నిబంధనను బౌ మాండలికములోనికి తిప్పెను. అది 1847లో అచ్చయ్యెను. మరుసటి యేట ఆయన కన్నుమూసెను. 1854లో దాకొంబౌ క్రీస్తుమతమును స్వీకరించెను. ఆ పేరుల వరుసలో మనము ఇప్పుడు వెళ్లబోవువారము చిట్టచివర నిలుతుము.

ఇక థామస్ బేకర్ సంగతి. వెళ్లువారందరు దీనిని నెమ్మదిగా చదువవలెను. 1867 జూలైలో ఆయన వీతి లేవు లోపలి కొండలలోనికి, నంబుతౌతౌ అను గ్రామమునకు తన ఫిజీ సహచరులతో కూడ వెళ్లెను. ఆయనయు, వారిలో ఏడుగురును చంపబడిరి. బేకర్ ఒక నాయకుని తలలోని దువ్వెనను తీసెనని, నాయకుని తల ముట్టుట ఆ దేశములో ఘోరమైన నిషేధమని, అందుచేత చంపిరని జనులలో కథ యున్నది. ఆ కథను ప్రసంగములలో చెప్పుట మనవారికి ఇష్టము. అయితే చరిత్రకారులు చూపు కారణము వేరు. సువార్తను అంగీకరించుట ఆనాడు తీరమందలి దాకొంబౌ పాలనకు లోబడుటగా కొండవారికి తోచెను. ఆ పాలనను ఎదిరించు నాయకులు 'తంబువా' అను తిమింగలపు పంటిని గ్రామము నుండి గ్రామమునకు పంపి, బేకరును చంపుమని కోరిరి. తంబువాను స్వీకరించినవాడు దానితో వచ్చిన మనవిని తీర్చుటకు కట్టుబడును. బేకర్ తన చేతిలో వేదగ్రంథమే యున్నదనుకొనెను; చూచినవారికి ఆయన వెనుక ఒక రాజ్యము కనబడెను.

సహోదరులారా, మన వెనుక ఏమి కనబడుచున్నదో మనకు తెలియదు. ఎదుటివాని కన్నులతో చూచినప్పుడే తెలియును. అందుకే మర్యాదలు మాత్రము నేర్చి వెళ్లుట చాలదు. ఆ ఊరివారికి ఎవరితో కలహమున్నదో, మనము ఎవరి పక్షమువారముగా కనబడుదుమో తెలిసికొని వెళ్లవలెను. 2003లో ఆ గ్రామస్థులు బేకర్ సంతతివారిని పిలిపించి, తమ ఆచారము చొప్పున తంబువాల నర్పించి క్షమాపణ వేడుకొనిరి. ఆయన జోడు అట్ట సువాలోని ఫిజీ మ్యూజియములో నేటికిని ఉన్నది.

ఈ స్థలమున నా సొంత తప్పిదము ఒకటి చెప్పుకొనుట మంచిది. యౌవనమందు నేనును ఒక స్నేహితుడును మన్యపు పల్లె నొకదానికి సాయంకాలము చేరితిమి. చేరగానే హార్మోనియము దించి పాటలు మొదలుపెట్టితిమి. ఎవరును రాలేదు. ఇంకను గట్టిగా పాడితిమి. కొంతసేపటికి ఒక ముసలాయన వచ్చి, "బాబూ, ఈ పొద్దుటే మా ఇంటి పిల్లను పూడ్చి వచ్చాము" అని మాత్రము చెప్పి నిలుచుండెను. మేము ఊరిలో అడుగుపెట్టి ఏ ఒక్కరిని ఏ ఒక్క మాటయు అడిగి యుండలేదు. నా స్నేహితుడు పెట్టె మూసి ఆయన ప్రక్కన నేలమీద కూర్చుండెను. ఆ రాత్రి మరేమియు చేయలేదు. యెహెజ్కేలు 3వ అధ్యాయము 15వ వచనము తీసినప్పుడెల్ల నాకు ఆ పెట్టె మూసిన చప్పుడే జ్ఞప్తికి వచ్చును. దేవుడు ఆ ప్రవక్త నోట మాటనుంచియే పంపెను. అయినను అతడు కెబారు నది దగ్గర చెరపట్టబడినవారి యొద్దకు చేరి, వారు కూర్చున్నచోట కూర్చుండి, ఏడు దినములు మాటలేక యుండెను.

ఒక మరణకాలమును, ఒక పిలుపును

1874 అక్టోబరు 10న ఫిజీ బ్రిటిషు రాజ్యమున కప్పగింపబడెను. మరుసటి జనవరిలో దాకొంబౌ సిడ్నీ నుండి డైడో అను యుద్ధనౌకపై తిరిగి వచ్చినప్పుడు తట్టు రోగము కూడ వచ్చెను. ఆయనను చూడవచ్చిన నాయకులు దానిని తమ తమ దీవులకు కొనిపోయిరి. కొద్ది మాసములలో సుమారు 40,000 మంది, అనగా జనులలో నాల్గవ వంతునకు తక్కువ కాకుండ, చనిపోయిరి. పూడ్చువారు లేని ఊరులు కలవు.

అదే సంవత్సరము జార్జి బ్రౌన్ అను మిషనెరీ వచ్చి, న్యూ బ్రిటన్ దీవులలో సేవకు ఉపదేశకులు కావలెనని నవులోవాలోని వేదపాఠశాలలో అడిగెను. తమ ఇండ్లలో ఏడ్పు ఇంకను ఆగకముందే ఆ విద్యార్థులు ముందుకు వచ్చిరి. బ్రిటిషు అధికారి వారిని పిలిపించి, అచ్చటి జ్వరములను, నరమాంస భక్షకులను గూర్చి చెప్పి, వెళ్లనక్కరలేదని బోధించెను. తాము అంతయు ఆలోచించియే ఒప్పుకొంటిమని, బ్రదికినను చచ్చినను మనస్సు స్థిరపరచుకొంటిమని వారు ఉత్తరమిచ్చిరి. 1878లో వారి నాయకుడైన సైలసా నౌదూకిండి అను బోధకుడును, మరి ముగ్గురు ఉపదేశకులును న్యూ బ్రిటన్‌లో చంపబడిరి. తరువాత బ్రౌన్ ఆయుధములు పట్టినవారితో వెళ్లి ప్రతీకారము చేయుట మిషను చరిత్రలో ఒక మచ్చ. నేను దానిని దాచను. అయినను ఆ నలుగురి సాక్ష్యమును ఆ మచ్చ చెరపలేదు. ఫిజీ మిషనెరీలను పంపిన దేశమని మరువక వెళ్లుడి.

గిర్మిట్: మనవారి కథ

1879 మే 14న లియోనిడాస్ అను ఓడ కలకత్తా నుండి కూలీలతో లెవుకా రేవునకు చేరెను. అది మొదలు 1916 వరకు 60,000కు పైగా జనులు చెరకుతోటల పనికి తేబడిరి. 'అగ్రిమెంట్' అను మాట వారి నోట 'గిర్మిట్' అయ్యెను. 1903 నుండి మద్రాసు రేవు నుండి కూడ ఓడలు బయలుదేరెను. ఆ దారిని సుమారు 15,000 మంది వెళ్లిరి. వారిలో ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారు అనేకులు. ఒప్పందము అయిదేండ్లు. దినకూలి మగవానికి ఒక షిల్లింగు, ఆడుదానికి తొమ్మిది పెన్నీలు. అదియు పెట్టిన పని పూర్తిచేసిన దినముననే. అయిదేండ్లయిన తరువాత తిరిగి రావలెనన్న ఓడఖర్చు తామే పెట్టుకొనవలెను. పదియేండ్లు నిలిచినవారికి మాత్రము ఉచితము. ఎక్కువమంది రానేలేదు. వరుసగా కట్టిన ఇరుకు గదులలో సంసారులును ఒంటరులును ఒకరిప్రక్కనొకరు నుండవలసి వచ్చెను. ఆ బ్రదుకునకు వారు పెట్టిన పేరు 'నరకము'.

ఈ కాలములో సంఘము ఏమి చేసెను? ఇది వెళ్లువారిని అచ్చట అడుగుదురు గనుక జవాబు తెలిసియుండవలెను. మొదటి ఓడ వచ్చిన తరువాత చాల యేండ్లు మెథడిస్టు మిషను ఈ జనుల వైపు పెద్దగా తిరిగి చూడలేదు. 1897లో హన్నా డడ్లీ అను అవివాహిత సహోదరి ఆస్ట్రేలియా నుండి సువాకు వచ్చి, హిందూస్థానీ భాషలో మాటలాడుచు, తన ఇంటి వరండాలో బడి పెట్టి, అనాథ బిడ్డలను తన బిడ్డలుగా పెంచెను. ఆమెను జనులు 'మాతాజీ' అని పిలిచిరి. 1902లో వచ్చిన జాన్ బర్టన్ తాను చూచిన కూలీ వరుసల దుఃస్థితిని 1910లో పుస్తకముగా ప్రకటించి, తోటల యజమానుల కోపమునకు పాత్రుడయ్యెను. సి. ఎఫ్. ఆండ్రూస్ 1915లోను 1917లోను ఫిజీకి వచ్చి, చూచిన దానిని లోకమునకు చాటెను. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందములన్నియు రద్దయ్యెను. మాతాజీ వరండాయు, బర్టన్ కలమును, రెండును సేవయే. కాని మన యువకులలో కొందరు మొదటిదానిని మాత్రమే సేవయని యెంచుచున్నారు. నేను వారితో ఏకీభవించను.

ఇప్పుడు ఒక ఉత్సాహమును కొంచెము చల్లార్చవలసియున్నది. "అచ్చట తెలుగువారున్నారు గదా, తెలుగులోనే ప్రసంగించెదను" అని ఒక యువకుడు నాతో అనెను. నాయనా, అది జరుగదు. దక్షిణాదివారు 1926లో నాండీలో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘమును, తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘమును స్థాపించుకొని, బడులు కట్టి, తమ భాషను కాపాడుటకు పాటుపడిరి. అయినను తోటలలో అందరిని కలిపిన భాష ఫిజీ హిందీ. నేడు తెలుగు కుటుంబములలో కూడ ఇంటిమాట అదియే. తెలుగు కొన్ని పేరులలోను, పూజలలోను, వృద్ధుల జ్ఞాపకములలోను నిలిచియున్నది. వెళ్లువాడు ఫిజీ హిందీ నేర్వవలెను. మన బడిలో నేర్చిన హిందీ దానికి పూర్తిగా సరిపోదు. భోజ్‌పురి, అవధి మాటలు కలిసి ఎదిగిన భాష అది. పుస్తకపు హిందీ మాటలాడినచో మర్యాదగా విని, దూరముగా కూర్చుందురు.

ఇంకొక సంగతి. పైన చెప్పిన సంఘములు హిందువులవి. కూలీల బిడ్డలకు చదువు చెప్పించినవి అవియే. వారి ఇంట అన్నము తిని, వారి పితరులు కట్టిన దానిని చులకన చేయువాడు సువార్తికుడు కాడు.

భూమియు, ఇద్దరు అన్నదమ్ములును

ఫిజీలో నూటికి 87 పాళ్లకు మించిన భూమి స్వదేశీయులైన ఫిజీ జనుల వంశసమూహములది. అట్టి సమూహమును 'మతంగాలి' యందురు. ఆ భూమిని అమ్మరాదు. కౌలుకు మాత్రమే ఈయవచ్చును. ఈ కట్టుబాటు వలననే పసిఫిక్‌లో అనేక జనులు పోగొట్టుకొన్న నేలను ఫిజీవారు పోగొట్టుకొనలేదు. మరియొక వైపు, నాలుగు తరములు అదే పొలమును దున్నిన భారతీయ రైతునకు అది ఎన్నడును సొంతము కాలేదు. 1976 నాటి చట్టము కౌలును 30 ఏండ్లకు కట్టెను. 1997 నుండి పాత కౌలులు తీరుట మొదలై, అనేకులు ఇల్లు విప్పుకొని పట్టణపు అంచులకు చేరిరి. కయీనుకు తన పొలము, హేబెలునకు తన మంద. మధ్య దేవుని బలిపీఠము. ఈ తగవులో ఇద్దరి నోటను న్యాయమున్నది. ఒక్క పక్షపు కథ విని వెళ్లినవాడు ఆ పక్షపు మిషనెరీ మాత్రమే యగును.

1970 అక్టోబరు 10న ఫిజీ స్వతంత్రదేశమయ్యెను. 1946 లెక్కలకు భారతీయ సంతతివారు ఫిజీ జనులను సంఖ్యలో మించియుండిరి. 1987 మే 14న, లియోనిడాస్ వచ్చిన దినముననే, సితివేని రంబూకా అను సైన్యాధికారి ప్రభుత్వమును పడగొట్టెను. ఆయన మెథడిస్టు సంఘములో ప్రసంగించువాడు. ఆ సెప్టెంబరులో మరల, 2000లో వేరొకరు, 2006లో ఇంకొకరు ప్రభుత్వములను పడగొట్టిరి. వేలకొలది భారతీయ కుటుంబములు ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడాలకు తరలిపోయెను. 2007 లెక్కలకు వారు నూటికి 38కి దిగువకు వచ్చిరి. 1987 తరువాత ఆదివారమున పనులను నిషేధించు శాసనము వచ్చినప్పుడు హిందువులును ముసల్మానులును దానికి లోబడవలసి వచ్చెను. సంఘములో పలువురు పెద్దలు ఆ కాలమున సంతోషించిరి. విశ్రాంతిదినమును పోలీసువాని చేత ఆచరింపజేయుట ప్రభువు నేర్పినది కాదు.

అయితే కథ అచ్చట నిలిచిపోలేదు. 2023 మే 14న సువాలో జరిగిన సమాధాన ఆరాధనలో మెథడిస్టు సంఘపు అధ్యక్షులు భారతీయ సంతతివారి యెదుట సంఘము పక్షముగా క్షమాపణ వేడిరి. అప్పటికి ప్రధానమంత్రిగా నున్న ఆ రంబూకాయే తాను చేసిన దానికి బహిరంగముగా క్షమింపుమనెను. ఆ యేటనే గిర్మిట్ దినము మొదటిసారి దేశమంతటికిని సెలవుదినమయ్యెను. క్షమించిరా యని మీరడుగుదురు. కొందరు కన్నీటితో చేతులు కలిపిరి. మాట చాలదని, పోయినది ఎవరిత్తురని అడిగినవారును కలరు. ఈ రెండవవారిని చూచి "కఠిన హృదయులు" అని తొందరపడి తీర్పు తీర్చు మిషనెరీ ఆ దేశమునకు వెళ్లకయుండుటయే మేలు.

ఇంటిలోనికి ప్రవేశించుట

ఫిజీ గ్రామమునకు వెళ్లువాడు చేతిలో యంగోనా వేళ్ల కట్టతో వెళ్లును. దానిని గ్రామపు పెద్దకు సమర్పించి, వచ్చిన పని చెప్పి, ఉండుటకు సెలవు పొందును. ఈ ఆచారము పేరు 'సెవుసెవు'. టోపీయు నల్లకళ్లద్దములును తీసివేయవలెను, భుజములు కప్పుకొనవలెను, చెప్పులు బయట విడువవలెను, కూర్చున్నవారి తలలకు పైగా చేయి చాపరాదు, బిడ్డ తలయైనను నిమురరాదు. ఈ చివరిది మనకు కష్టము. మన పెద్దలు ఆశీర్వదించునప్పుడు చేయి మొదట తలమీదికే పోవును. యంగోనా వేళ్లను దంచి నీట కలిపిన పానీయమును కొబ్బరిచిప్పలో ఇత్తురు. త్రాగుటకు ముందు ఒకసారి చప్పట్లు, త్రాగిన తరువాత మూడుసార్లు. అది సారాయి కాదు. నాలుకను మొద్దుబార్చి, మనిషిని మందగింపజేయును. మెథడిస్టులలో త్రాగుట సామాన్యము. కొన్ని సంఘములు పూర్తిగా మానిపించును. వెళ్లువారు దీనిని గూర్చి తమ మనస్సాక్షిని ఇక్కడనే, ప్రార్థనతో, స్థిరపరచుకొనవలెను. చిప్ప చేతికి వచ్చిన తరువాత తర్కించుట ఇంటివారిని అవమానించుట యగును.

తిండి విషయమున మనకు దిగులు లేదు. వారి 'దాలో' మన చేమదుంపయే. 'రొరొ' యనునది చేమాకును కొబ్బరిపాలతో వండిన కూర. కర్రపెండలము, సీమపనస, చేప విస్తారము. పండుగలకు నేలలో గుంట త్రవ్వి, కాలిన రాళ్లమీద ఆకులలో చుట్టి మగ్గబెట్టుదురు. దానిని 'లోవో' యందురు. భారతీయుల ఇండ్లలో రొట్టెయు, పప్పును, కారపు కూరయు దొరకును.

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయమును తీయుడి. పౌలు మెలితే దీవికి ఓడ పగిలినవాడై, తడిసినవాడై, ఖైదీయై వచ్చెను. చలిలో నిప్పు రాజవేసి చేర్చుకొన్నవారు ఆ దీవివారే. పౌలు చేసిన మొదటి పని పుల్లలు ఏరుట. తరువాత పొప్లి యింట అతిథియై, అతని తండ్రి జ్వరముతో పడియుండగా ప్రార్థించి బాగుచేసెను. మెలితేలో పౌలు ప్రసంగించినట్లు లూకా ఒక్క మాటయు వ్రాయలేదు, ప్రసంగించియుండవచ్చును. లూకా వ్రాయదలచినది మాత్రము నిప్పును, పుల్లలను, రోగిని, మూడు దినముల ఆతిథ్యమును, వెళ్లునప్పుడు వారిచ్చిన వస్తువులను. పుచ్చుకొనుట ఎరుగనివాడు దీవిలో ఎవరికిని ఏమియు ఇయ్యలేడు.

కూడికలో చర్చించుటకు

వచ్చే నెల కూడికకు ముందు ఒక్కొక్కరు ఫిజీ పటమును చేతితో గీసి, సువా, నాండీ, లౌతోకా, లంబాసా, లెవుకా, లకెంబా అను స్థలములను గుర్తించి తేవలెను. మోషే అడిగిన ప్రశ్నలన్నిటికిని ఫిజీ విషయమై ఒక్కొక్క జవాబు వ్రాయుడి. బేకర్ స్థానములో మీరుండినచో కొండలలోనికి వెళ్లకముందు ఎవరిని ఏమి అడిగియుందురు? కౌలు తీరిన భారతీయ రైతును, ఆ భూమి సొంతదారుడైన ఫిజీ విశ్వాసియు ఒకే ఆదివారమున మీ యొద్దకు ప్రార్థనకు వచ్చినచో మొదట ఎవరి మాట విందురు, ఎంతసేపు విందురు? మన ఊరిలో ఏ వీథికి మనము ఇంతవరకు సెలవడుగక వెళ్లితిమి?